దుమ్ము మిషనూ ఒక జత తెల్లబట్టలూ

హనుమకొండ,
జూన్ 9

చిరంజీవి రమాకాంత్‌కు మీ బావ చంద్రమౌళి ఆశీస్సులు.

ఆశీస్సులు రాశానని మాటలు కలిశాయనుకోకు. మాటలు బందే. మీ బిడ్డ సౌమ్య పెళ్లిలో, వియ్యాలవారి ఎదుట, విస్తరి ముందు కూర్చున్న నన్ను పట్టుకుని "బావా, నీ లారీలు ఒక్క పూట ఆగయా? పెరుగుల కారం ఎందుకు కలిపిండ్రని మా వియ్యంకుడు అడుగుతాండు" అన్నావు. పెరుగు మీద పడింది నా గని దుమ్మేనని అర్థమై పందిరంతా నవ్వింది. నేను లేచి వచ్చేశాను. ఆ బగారన్నం వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. అలిగిన ఇంటల్లుణ్ణి కొత్తబట్టలు పెట్టి పిలవాలి. అప్పటిదాకా అతను గడప తొక్కడు. ఈ పద్ధతి నేను పుట్టించింది కాదు.

మీ అక్క శోభారాణి మాత్రం "మాట్లాడకుంటే మానుండ్రి, రాసుకోండ్రి. నేను వారం వారం అమ్మగారింటికి పోతనే ఉన్న. చిట్టీలు నేను మోస్త" అంది. అందుకే ఈ ఉత్తరం.

సంగతేమంటే, మీ ఎదులపల్లి గుట్ట మీది నా ఇనుపరాయి గనిని పెంచాలనుకుంటున్నాను. దానికి మార్చిలో మీ ఊళ్లోనే ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు. నువ్వు మాజీ సర్పంచ్‌వి. నువ్వు లేచి నాలుగు మంచి ముక్కలు చెబితే ఊరు చేయెత్తుతుంది. నువ్వు నోరు మూసుకుని కూర్చున్నా చాలు, ఊరు చేతులు కట్టుకుంటుంది.

రాయి తవ్వడం ఇప్పుడు నా పనిలో సగం కూడా కాదు. నీళ్లు చల్లినట్టు రిజిస్టరు రాయాలి. మొక్క నాటినట్టు ఫోటో, ఆ మొక్క బతికున్నట్టు మళ్లీ ఫోటో. పక్క రాష్ట్రంలో ఒక కంపెనీ ఉంది. వాళ్ల రాయీ నా రాయీ ఒకటే, ధర మాత్రం నాకంటే తక్కువ. వాళ్లను అడిగేవాడు లేడు మరి. నేను ఇక్కడ ఫోటోలు దిగుతుంటే వాళ్లు అక్కడ సరుకు అమ్ముకుంటున్నారు.

ఇదంతా చాలదని దుమ్ము మిషన్ కూడా పెట్టించారు. అది గాలి పీల్చి, అందులో దుమ్మెంతో కొలిచి, దానంతట అదే కాలుష్య మండలి ఆఫీసు కంప్యూటరుకు పంపుతుంది. నా కారు కంటే ఖరీదు. అయినా దానికి ఏ లోటూ చేయలేదు. కాపలా గట్టయ్య దాన్ని సొంతబిడ్డలా చూసుకుంటాడు. కొన్ననాడు ఎట్లుందో ఈనాడూ అట్లే మెరుస్తోంది. దాని లెక్కలో మీ ఊరి గాలి ఊటీ గాలితో సమానం. ఈ మాట కూడా నువ్వు సభలో చెప్పవచ్చు.

మీ బావ,
చంద్రమౌళి


ఎదులపల్లి,
జూన్ 20

గౌరవనీయులైన బావగారికి నమస్కరించి రమాకాంత్ రాయునది.

మాటలున్నన్నాళ్లు మిమ్మల్ని 'నువ్వు' అన్నాను. ఇప్పుడు మాటలు లేవు కనుక 'మీరు' అంటున్నాను. దయచేసి దీన్ని గౌరవం అనుకోవద్దు.

మా ఊరు ఊటీ అయిందని తెలిసి ఇంటిల్లిపాదీ సంతోషించాం. మాకొక తెల్లకోడి ఉండేది. రెండేళ్లుగా అది ఎర్రకోడి. మొన్న తొలకరికి తడిసి తెల్లగా వచ్చి వాకిట్లో నిలబడితే, ఎవరి కోడో అని మా ఇంటావిడ కట్టె పట్టుకుని తరిమింది.

కోడి సంగతికేం, నా అయిదెకరాల పత్తి సంగతి చెబుతాను. మీ లారీలు గుట్ట దిగి, మా చేను పక్కనుంచే రైల్వే స్టేషన్‌కు పోతాయి. నిరుడు తొర్రూరు మార్కెట్లో నా పత్తి బోరెం సంచిలో చేయి పెట్టిన వ్యాపారి, "ఏందే, బట్ట నెయ్యకముందే రంగేసి తెచ్చినవ్?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ రోజు నేను విస్తరి ముందు నుంచి లేవలేదు, ఎందుకంటే నా ముందు విస్తరి లేదు. వాడు చెప్పిన ధరకు ఇచ్చి వచ్చాను. ఈ ఏడు కూడా ఎర్రపత్తే అయితే ఇక చేను బీడు పెట్టడమే.

నాకు రెండే కోరికలు. లారీల మీద టార్పాలిన్ కట్టించండి. దారి మీద పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు చల్లించండి. ఆ రెండూ జరిగితే సభలో నాలుగు ముక్కలు కాదు, నలభై ముక్కలు చెబుతాను.

మొన్న గుట్ట మీదికి పోయి మీ మిషన్‌ను చూసి వచ్చాను. గట్టయ్య నిజంగానే సొంతబిడ్డలా చూసుకుంటున్నాడు. నేనేమీ అనలేదు.

మీ బామ్మర్ది,
రమాకాంత్


హనుమకొండ,
ఆగస్టు 2

చిరంజీవి రమాకాంత్‌కు,

నీ ఉత్తరం అందింది. మీ అక్క పక్కనే కూర్చుని చదివించుకుంది. కోడి దగ్గర నవ్వింది. నేను నవ్వలేదు.

టార్పాలిన్ అనడం తేలిక. ఒక్కో లారీకి కట్టడానికి అరగంట, విప్పడానికి అరగంట. పక్క రాష్ట్రం వాడు కట్టడు. వాడి లారీ రోజుకు నాలుగు సార్లు తిరిగితే నాది మూడు సార్లు తిరగాలా? ఇక దారికి నీళ్లంటావు. ఉన్నది ఒక్క ట్యాంకర్, దాన్ని ఎటని తిప్పను?

నీకు చెప్పకూడదనుకున్నాను కానీ చెబుతున్నాను. చెన్నైలో ఒక స్టీలు కంపెనీ అయిదేళ్ల సరుకుకు ఒక్క గనినే ఖాయం చేసుకుంటుందట. పోటీలో మిగిలింది ఇద్దరం, నేనూ పక్క రాష్ట్రం వాడూ. ధరలో వాడిదే పైచేయి. ఈ ఆర్డరు రాకపోతే గని మూతే. నూట ఇరవై మంది ఇంటికి పోతారు, అందులో నలభై మంది మీ ఊరివాళ్లు. అప్పుడు నీ పత్తి తెల్లగా ఉంటుంది, ఏరడానికి కూలీలు కూడా చవకగా దొరుకుతారు. బాగా ఆలోచించుకో.

మీ బావ,
చంద్రమౌళి


హనుమకొండ,
దసరా వెళ్లిన ఆరోనాడు

రమాకాంత్‌కు,

కొంప మునిగింది. ఈసారి ఆశీస్సులు రాసే ఓపిక లేదు.

ప్రతి దసరాకు గని మీద ఆయుధపూజ చేస్తామని నీకు తెలుసు. లారీలకు, క్రషర్‌కు బొట్లు పెట్టి గుమ్మడికాయలు కొట్టాం. మీ అక్క పళ్లెం పట్టుకుని దుమ్ము మిషన్ దగ్గరికి వచ్చింది. దానికి ప్లాస్టిక్ కవరుంది. దుమ్ము పడితే ఖరాబవుతుందని గట్టయ్య కొన్ననాడే తాళ్లతో బిగించి కట్టాడు, మళ్లీ విప్పలేదు. ఇందులో తప్పేముంది? టీవీ రిమోటుకు కవరు ఉంచుకోమా? కారు సీట్లకు ఉంచుకోమా? మీ అక్క మాత్రం "బొట్టు కవరుకు పెడ్తరా, మిషన్‌కు పెడ్తరా?" అని కత్తెర తెప్పించి కవరు కోసేసి, ముక్కూ మూతీ తుడిచి, పసుపు రాసి బొట్టు పెట్టి, ఊదు వేసింది. అందరం దండం పెట్టుకున్నాం.

పావుగంటలో ఆఫీసు నుంచి ఫోన్. దుమ్ము హద్దుకు నాలుగింతలు దాటిందట. "సార్, అది ఊదు పొగ" అన్నాను. "పండుగకు మేమూ వేశాం సార్, కానీ మిషన్ ముందర వేయలేదు" అన్నాడు అవతలి మనిషి. మూడో నాటికీ లెక్క దిగలేదు. పూజ చేసింది అరగంట, పొగ మూడు రోజులు! మన గుట్ట మీద భక్తి అంత గట్టిదని ఎవరికి చెప్పుకోను? నాలుగో నాడు నోటీసు ఇచ్చి పని ఆపించారు. రెండు రోజులుగా ఒక్క లారీ కదల్లేదు. వచ్చే నెల చెన్నై కంపెనీ మనిషి తనిఖీకి వస్తోంది. ఏడాది పొడుగునా బంగారంలాంటి లెక్కలు పంపిన మిషన్, ఒక్కనాడు దండం పెట్టినందుకు నా గొంతు కోసింది.

చంద్రమౌళి


ఎదులపల్లి,
అక్టోబరు చివర

బావగారికి,

మూడు రోజులు నిలిచే ఊదు ఏ దుకాణంలో దొరుకుతుందో రాయండి. మా ఇంట్లో దోమలున్నాయి.

దసరా జమ్మి ఆకు ఈ కవరులో పెట్టాను. మాటలు లేకున్నా జమ్మి బంగారం ఇవ్వాలంటారు. మీ కాళ్లకు దండం పెట్టినట్టే అనుకోండి.

ఇక ఒక్క సంగతి వెటకారం లేకుండా రాస్తాను. మీ లారీలు ఆగిన రోజుల్లోనే నా చేను విచ్చింది. మొదటి నాడు కూలీలు ఏరుతుంటే ఒకామె "పటేలా, గీ పత్తి మనదేనా?" అని అడిగింది. దోసిట్లోకి తీసుకుని చూశాను. తెల్లగా ఉంది. మా నాయన ఉన్నప్పుడు చూసిన తెలుపు. గట్టు మీద కూర్చుని ఏడ్చాను బావగారూ. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మూడో నాడు నోటీసు ఎత్తేశారట, మీ లారీలు మళ్లీ మొదలయ్యాయి. మీకు నష్టం తప్పినందుకు సంతోషమే, అక్క పసుపుకుంకుమలు మీ గని మీదే ఉన్నాయి కదా. కానీ ఆ రెండు రోజుల పత్తిని నేను అమ్మలేదు. వేరే సంచిలో దాచాను.

రమాకాంత్


హనుమకొండ,
డిసెంబరు 14

చిరంజీవి రమాకాంత్‌కు అనేక ఆశీస్సులు.

ఆర్డరు నాకే వచ్చింది. అయిదేళ్లకు.

ఎట్లా వచ్చిందో విను. చెన్నై నుంచి వచ్చిన అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో, నవ్వదు, టీ తాగదు. ముందు పక్క రాష్ట్రం గని చూసి, తర్వాత ఇక్కడికి వచ్చింది. వాళ్ల మిషన్ మూడేళ్లుగా ఎండలోనూ వానలోనూ ఒకటే అంకె చూపిస్తోందట, గీత గీసినట్టు. "గాలి అట్లా ఉండదు సార్, దొంగ లెక్క అట్లా ఉంటుంది" అంది. వాళ్ల స్టీలు కొనే విదేశీ కంపెనీలు ఇప్పుడు రాయి ఏ గనిలో పుట్టిందో, ఆ గని ఎంత దుమ్ము లేపిందో కూడా అడుగుతున్నాయట. వాళ్లకు దొంగ లెక్కల గని వద్దు. నా కాగితాల్లో దసరా నాటి అంకె, నోటీసు, పని ఆపడం చూసి "మీ మిషన్ బతికే ఉంది. తప్పు పట్టింది, మీరు దిద్దుకున్నారు" అంది. దసరాకు ముందు నాదీ గీతేనని వేలు పెట్టి చూపించింది కూడా. "అప్పుడు మిషన్ కొత్తదమ్మా, సిగ్గుపడేది" అన్నాను. అప్పుడు మాత్రం కొంచెం నవ్వింది.

మొన్న వర్తక సంఘం సభలో మాట్లాడమన్నారు. పర్యావరణ నియమాలే కంపెనీకి వెన్నెముక, నిజాయితీతోనే పోటీలో గెలుస్తామని ఇరవై నిమిషాలు చెప్పాను. శాలువా కప్పారు. జూన్‌లో నీకేం రాశానో నాకు గుర్తుంది, నువ్వు గుర్తు చేయనక్కర్లేదు.

దుమ్ము విషయంలో చర్యలు కూడా తీసుకున్నాను. నోటీసు వచ్చినప్పటి నుంచి ట్యాంకర్‌ను గేటు దగ్గరే నిలబెట్టి మిషన్ చుట్టూ పొద్దంతా తడుపుతున్నాం. ఇప్పుడు కవరు లేకున్నా అంకె హద్దు లోపలే, ఆకుపచ్చగానే ఉంటోంది. లారీలు మాత్రం రెట్టింపు చేయాల్సి వచ్చింది, సరుకు అంత అడుగుతున్నారు. అందుకే గని పెంచడం తప్పదు. మార్చి పన్నెండున సభ. పెద్ద ఆర్డరు వచ్చిన బావ గురించి ఇప్పుడైనా నాలుగు ముక్కలు చెప్పు.

మీ బావ,
చంద్రమౌళి


ఎదులపల్లి,
జనవరి 28

బావకు,

ఇక 'మీరు' రాయడం నా వల్ల కాదు. నువ్వనే రాస్తున్నాను.

నీ శాలువా సంగతి అక్క కూడా చెప్పింది. శాలువా ఏ రంగుదని అడిగాను. ఎర్రదట. మంచిది, మా ఊరికి కప్పుకొని రావచ్చు.

ఒక నిజం దాచాను. జూన్‌లో గుట్ట మీదికి వచ్చినప్పుడే నీ మిషన్ కవరు చూశాను. దుమ్ము కొలిచేదాన్ని దుమ్ము తగలకుండా కట్టిపెట్టారు. కవరు ఎందుకని అడిగితే గట్టయ్య "దుమ్ము పడ్తే పాడైతదని మిషన్ పెట్టిపోయినాయన చెప్పిండు" అన్నాడు. వాడి తప్పు లేదు, ఆయన చెప్పింది లోపలి కరెంటు పెట్టె సంగతి అయ్యుంటుంది. నేను ఆఫీసుకు ఒక్క ఫోన్ కొడితే నీ గని ఆనాడే ఆగేది. రెండుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. అక్క మొగుడివి, మా ఊరి నలభై మందికి కూడు పెడుతున్నావు. అయితే దసరా ముందు అక్క వచ్చినప్పుడు "బొట్టు కవరు మీద పెడితే మిషన్‌కు చెందదు కదా అక్కా" అన్నాను. అంతే అన్నాను. నీ నోటీసూ నా వల్లే, నీ ఆర్డరూ నా వల్లే. దేనికి తిడతావో, దేనికి పొగుడుతావో నీ ఇష్టం.

ఇప్పుడు నీ అంకె ఆకుపచ్చ, నా పత్తి మళ్లీ ఎరుపు, లారీలు రెట్టింపు. అక్టోబరులో దాచిన తెల్లపత్తి పక్కన మొన్న ఏరిన పత్తి పెట్టి మా సౌమ్యకు చూపించాను. "నాయినా, గిది వేరే రకమా?" అని అడిగింది.

అందుకే ఇంటల్లుడివైన నీ అలక తీరుస్తున్నాను. అక్క చేతికి ఒక జత బట్టలిచ్చాను, తెల్లచొక్కా, తెల్లపంచె. కట్టుకుని రా. కానీ గని గేటు దగ్గర కారు దిగు. మా ఇల్లు అక్కడికి రెండు కిలోమీటర్లు. పనిరోజున, లారీలు తిరిగే వేళ, ఒక్క లారీని కూడా ఆపకుండా నడిచి రా. నా గడప దగ్గరికి వచ్చేసరికి ఆ బట్టలు తెల్లగా ఉంటే, మార్చి పన్నెండున అందరికంటే ముందు లేచి నీ తరఫున మాట్లాడతాను. లేకపోతే అందరికంటే ముందు లేచి ఆ చొక్కా చూపిస్తాను.

బగారన్నం వండించి ఉంచుతాం.

నీ బామ్మర్ది,
రమాకాంత్


హనుమకొండ,
ఫిబ్రవరి 6

తమ్మీ,

నేను మాట్లాడినట్టే రాస్త. చిట్టీలు మోసుడే గాని రాసుడు నాకు రాదు.

నీ బట్టలు మీ బావకిచ్చిన. బీరువల పెట్టిండు. రోజుకు రెండుసార్లు తీసి చూస్తాండు, మళ్ల పెడ్తాండు. తిండి సరిగ తింటలేడు.

ఇంకోటి. నువ్వు చెప్పినందుకే నేను కవరు కోసిన అనుకుంటానవు. ఇరవై ఏండ్ల సంది ఆయన అంగీలు ఉతికేది నేను. నీళ్లు ఎంత ఎర్రగైతయో నాకు తెల్వదా? ఏ మిషన్ కన్న ముందు నాకే తెలుసు. నన్నెవ్వరు అడగలే. కత్తెర నేనే తెప్పించిన, బుద్ధిపూర్వకంగనే కోసిన. గని మూత పడ్తదేమోనని ఆ రాత్రంత భయపడ్డ. కాని కోసినందుకు ఫికర్ చెయ్యలే.

ఆయన వస్తడో రాడో నాకు తెల్వదు. అన్నం మాత్రం వండుండ్రి.

మీ అక్క


హనుమకొండ,
ఫిబ్రవరి 19

రమాకాంత్‌కు,

నిన్న వచ్చాను. నువ్వు చూడలేదు.

మోసం ఆలోచన రాలేదని అనను. ముందురోజు దారంతా తడపమని ట్యాంకర్ డ్రైవర్‌కు చెప్పబోయాను. "ఏ దారి సార్?" అని అడిగాడు. మిషన్ దగ్గర్నుంచి అది ఎప్పుడైనా కదిలితే కదా వాడికి తెలిసేది. చెప్పకుండా ఊరుకున్నాను.

పది గంటలకు గేటు దగ్గర దిగి, నీ బట్టలతో నడిచాను. పదేళ్లలో ఆ దారి మీద నేను నడవడం ఇదే మొదలు. కారు అద్దాల్లోంచి అది మామూలు దారిలాగే కనిపించేది. మొదటి లారీ పోయాక చొక్కా చేతులు దులుపుకున్నాను. నాలుగోది పోయాక దులుపుకోవడం మానేశాను. ఏడో లారీ డ్రైవరు పక్కకు జరగమని హారన్ కొట్టి, తల బయటపెట్టి తిట్టాడు. నా లారీ, నా డ్రైవరు. జీతం నేనే ఇస్తాను.

నీ చేను పక్క కల్వర్టు దాకా వచ్చాను. దగ్గు ఆగక రాయి మీద కూర్చున్నాను. పత్తి ఏరుతున్న ఒక ముసలామె నీళ్ల సీసా తెచ్చి ఇచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు. "మూతికి గుడ్డ కట్టుకోవాలె బిడ్డా, గిది మా అల్లుని గని తొవ్వ" అంది. అల్లుడంటే ఎవరని అడిగాను. "మా శోభమ్మ పెనిమిటి. మంచోడే. ఆయనకు దుమ్ము సంగతి ఎవ్వలు చెప్పలేదు కావచ్చు" అంది.

అక్కడే ఫోన్ తీసి ఆ వేళ మిషన్ అంకె చూశాను. ఆకుపచ్చ. ఆఫీసు కంప్యూటర్ ప్రకారం ఆ నిమిషాన నా చొక్కా తెల్లగా ఉంది.

నీ గడప అక్కడికి కనిపిస్తూనే ఉంది. నేను బయల్దేరానని మీ అక్క చెప్పిందేమో, బగారన్నం వాసన కూడా వచ్చింది. లేచి వెనక్కి తిరిగాను. అలిగి కాదు. అప్పుడు అలిగాను, ఇప్పుడు సిగ్గుపడ్డాను.

మార్చి పన్నెండు సభ వద్దని, వాయిదా వేయమని రాసిచ్చాను. సోమవారం నుంచి లారీలకు టార్పాలిన్ కడతారు, ట్యాంకర్ దారి మీద తిరుగుతుంది. లారీలు సగానికి దించాను. చెన్నై అమ్మాయికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, కవరు సంగతితో సహా. ఆర్డరులో సగం ఇంకో గనికి ఇస్తామంది. పోటీలో వెనకబడ్డాను, ఏడుపొస్తోంది. అది చెప్పుకోవడానికి నాకూ సిగ్గు లేదు. మిషన్‌ను గుట్ట మీంచి దించి కల్వర్టు దగ్గర, నీ చేను గట్టున పెట్టడానికి ఆఫీసును అనుమతి అడిగాను. వస్తే దానికి కవరు ఉండదు. గట్టయ్య ఒప్పుకోవడం లేదు, పాడవుతుందంటున్నాడు.

చొక్కాను మీ అక్కను ఉతకనివ్వలేదు. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. నా మీద నమ్మకం తప్పిననాడు ఊళ్లో చూపించు.

నువ్వు ఇంకో జత తెల్లబట్టలు కొని ఉంచు. మే నెలలో మళ్లీ నడిచి వస్తాను. వానలు పడ్డాక రమ్మని మాత్రం పిలవకు. అప్పుడు తెల్లగా వస్తే అది నా గొప్ప కాదు.

నీ బావ,
చంద్రమౌళి